ముసలి కుక్కకు జబ్బు చేస్తే దిగులును అదుపులో పెట్టుకోవడం

రాత్రంతా దాన్ని తట్టి లేపి చూడకండి, దానికీ నిద్ర చెడుతుంది. ఉదయం 6కి, రాత్రి 9కి రెండుసార్లు చూస్తే చాలు, ఇంట్లోవాళ్లు వంతులేసుకోండి.

మొదట ఊపిరి. నిద్రలో ఉన్నప్పుడు డొక్క లేచి దిగితే ఒకటి, నిమిషం లెక్కపెట్టండి. 30 లోపుంటే మీరూ పడుకోవచ్చు. చల్లటి వేళలోనూ అంతకు మించుతుంటే డాక్టరుకు చెప్పాలి. నెల్లూరు రోహిణి కార్తె ఎండలో మధ్యాహ్నం లెక్కపెడితే మాత్రం ఊరికే భయపడతారు, ఎగరొప్పు సహజం.

తర్వాత పంటి చిగురు. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి, రెండు సెకన్లలో మళ్లీ గులాబీ రంగుకు రావాలి. నల్ల చిగుళ్లయితే కింది కనురెప్ప లోపలి రంగు చూడండి. పాలిపోతే తెల్లారేదాకా ఆగొద్దు.

నీళ్లు కొలిచి పోయండి. పది కిలోల కుక్క రోజుకు లీటరుకు మించి తాగుతుంటే కిడ్నీ, షుగరు పరీక్షలు అడగండి. దగ్గు, కుంటు, వణుకు వచ్చినప్పుడు ఫోనులో వీడియో తీయండి. ఆస్పత్రి బల్ల మీద అవేవీ కనిపించవు.

మన పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ వేయొద్దు. దిగులుకొద్దీ జరిగే పెద్ద తప్పు ఇదే.

స్థానికంగా తేలకపోతే నెల్లూరు వాళ్లకు తిరుపతి, ఒంగోలు వాళ్లకు గన్నవరం పశువైద్య కళాశాలలున్నాయి. ఆస్పత్రి నుంచి ఇంటికి బయల్దేరేముందు ‘రాత్రిపూట ఏం కనిపిస్తే పరుగెత్తాలి?’ అని మీ డాక్టరుతో కాగితం మీద రాయించుకోండి.