రీసెర్చ్ మొదలుపెట్టే ముందు ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు: వరంగల్ విద్యార్థుల కోసం

ప్రశ్నలు ప్రింటు తీసి, బస్సెక్కి, ఊళ్లోకి పోయి నలభై మందిని అడిగి వచ్చాక "పర్మిషన్ ఎట్లా తీసుకోవాలి మేడమ్" అంటే నా దగ్గర జవాబు ఉండదు. మనుషుల మీద చేసే పరిశోధనలో వాళ్లకు అన్యాయం, హాని జరగకుండా ముందే చూసేది ఎథిక్స్ కమిటీ. అయిపోయిన పనికి అది అనుమతి ఇవ్వదు. ఆ నలభై ఫారాలూ పక్కన పెట్టి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే. విద్యార్థుల కాగితాలు దిద్దే పనిలో ఉన్నదాన్ని కాబట్టి ప్రతి ఏడూ ఇలాంటివాళ్లు ఇద్దరు ముగ్గురైనా నాకు ఎదురవుతారు. వాళ్లలో మెడికోలు తక్కువ. మెడికోలకు సీనియర్లు ముందే చెబుతారు. దెబ్బతినేది సోషల్ వర్క్, సోషియాలజీ, తెలుగు, చరిత్ర చదివేవాళ్లు. "మాది ఆర్ట్స్ కదా, మాకెందుకు?" అనుకుంటారు.

ఎవరికి అవసరం, ఎవరికి అక్కర్లేదు

బతికున్న మనిషిని ఒంటి గురించి గానీ మనసు గురించి గానీ అడిగితే అనుమతి కావాలి. ఆ మనిషి కేస్ షీట్ తెరిచినా, రక్తం తీసినా కావాలి. మీరు చదివేది ఎంబీబీఎస్సా ఎంఏనా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్ల మెడనొప్పి మీద సోషల్ వర్క్ ప్రాజెక్టు, ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే హమాలీల దగ్గు మీద ఎకనామిక్స్ ప్రాజెక్టు, కొత్తవాడలో దరీలు నేసేవాళ్ల మోకాళ్ల మీద రాసే డిజర్టేషన్, అన్నీ దీని కిందికే వస్తాయి. ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో 'జిజ్ఞాస' స్టడీ ప్రాజెక్టు చేసే పిల్లలు కూడా ఆరోగ్యం జోలికి వెళ్తే ఈ సంగతి ముందే లెక్చరర్‌ను అడగాలి.

వేయిస్తంభాల గుడి శాసనం మీద రాస్తే ఈ గొడవ లేదు. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు ఫారసీ, ఉర్దూ కాగితాలు చూడాలన్నా ఎథిక్స్ అనుమతి అక్కర్లేదు, కాలేజీ నుంచి పరిచయ పత్రం పట్టుకెళ్లండి. జనాభా లెక్కలు, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లాంటి అందరికీ దొరికే, పేర్లు లేని డేటాతో పని చేసేవాళ్లకు మినహాయింపు దొరుకుతుంది. కానీ ఒక మెలిక ఉంది. మినహాయింపు ఉందని మీకు మీరే నిర్ణయించుకోకూడదు. 2017లో భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అది తేల్చేది కమిటీ. కాబట్టి మినహాయింపు కావాలన్నా చిన్న దరఖాస్తు పెట్టుకోవాల్సిందే.

ఏ కమిటీకి పెట్టాలి

మీ సంస్థకు చెందిన కమిటీకి. మెడికల్ కాలేజీల్లో ఇది తప్పకుండా ఉంటుంది. మిగతా కాలేజీల్లో చాలాచోట్ల ఉండదు. అలాంటప్పుడు మీ ప్రిన్సిపాల్ వేరే సంస్థ కమిటీతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలి. విద్యార్థి ఒక్కడే వెళ్లి తలుపు తడితే పని కాదు. మొత్తం వ్యవహారంలో ఎక్కువ ఆలస్యమయ్యేది ఇక్కడే, కాబట్టి టాపిక్ అనుకున్న వారంలోనే ఈ సంగతి కదపండి. 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు వచ్చాక ఆరోగ్య పరిశోధనలను చూసే కమిటీలు కేంద్రంలోని ఆరోగ్య పరిశోధన శాఖ దగ్గర రిజిస్టర్ కావాలి. ఆ రిజిస్ట్రేషన్ నంబరు అడిగి రాసుకోండి, రేపు వ్యాసం పంపేటప్పుడు పత్రికలు కూడా అడుగుతాయి.

కమిటీలో ఏడుగురి నుంచి పదిహేను మంది దాకా ఉంటారు. చైర్‌పర్సన్ బయటివారు, మెంబర్ సెక్రటరీ ఆ సంస్థవారే. డాక్టర్లతో పాటు ఒక లాయర్, ఒక సామాజిక శాస్త్రవేత్త, వైద్యంతో సంబంధం లేని ఒక సామాన్య వ్యక్తి కూర్చుంటారు. పిల్లలు డాక్టర్ల ప్రశ్నలకు తయారై వెళ్తారు గానీ, నేను చూసినంతలో ఇరుకున పెట్టేది ఆ సామాన్య వ్యక్తే. మీ తెలుగు పత్రాన్ని శ్రద్ధగా చదివేది ఆయనే మరి.

ఫైలులో ఏమేం ఉండాలి

పైన మెంబర్ సెక్రటరీ పేరిట కవరింగ్ లెటర్, గైడ్, హెచ్‌ఓడీ సంతకాలతో. తర్వాత కమిటీ ఇచ్చే దరఖాస్తు ఫారం. ఆ వెనక ప్రోటోకాల్ (పని ఎందుకు, ఎలా చేస్తారో రాసిన ప్రణాళిక), ప్రశ్నావళి ఇంగ్లిష్‌లోనూ తెలుగులోనూ, సమాచార పత్రం, సమ్మతి పత్రం, మీదీ గైడ్‌దీ బయోడేటా, ఖర్చు ఎంత, ఎవరు పెడతారు అన్న చిన్న వివరం. ప్రతి కాగితం అడుగున వెర్షన్ నంబరు, తేదీ వేయండి. సవరించి మళ్లీ ఇచ్చినప్పుడు ఏది పాతదో ఏది కొత్తదో తెలియక ఫైలు వెనక్కి వచ్చేది ఈ ఒక్క దాంతోనే.

ప్రోటోకాల్‌లో అందరూ తడబడేది శాంపిల్ సైజు దగ్గర. ఇక్కడి మెడికల్ కాలేజీల్లో వాడుకలో ఉన్న లెక్క 4పీక్యూ బై ఎల్ స్క్వేర్. పీ అంటే ఆ సమస్య ఉన్నవాళ్ల శాతం, క్యూ అంటే వందలో మిగతా శాతం, ఎల్ అంటే పర్వాలేదనుకునే తేడా. మీరు చూడబోయే సమస్య జనంలో 50 శాతం మందికి ఉంటుందనుకుని, పది పాయింట్లు అటూఇటూ తేడా పర్వాలేదనుకుంటే నాలుగు ఇంటూ 50 ఇంటూ 50 బై 100, అంటే వంద మంది. ఆ 50 శాతం ఎక్కడిదో, ఏ పాత అధ్యయనంలోదో చెప్పలేకపోతే లెక్క సరైనదైనా నిలవదు. ఇక మనిషి పక్కన కూర్చుని గంటసేపు మాట్లాడించే పనికి ఈ సూత్రం వర్తించదు. అక్కడ కొత్త మాట ఏదీ రావడం లేదని తేలేదాకా ఇంటర్వ్యూలు చేస్తామని, సుమారు ఇంతమంది కావొచ్చని రాస్తే చాలు. ఆర్ట్స్ విద్యార్థులు బెదిరిపోయి ఎక్కడిదో ఒక ఫార్ములా తెచ్చి అతికిస్తారు, దాంతో లేని ప్రశ్నలు పుడతాయి.

తెలుగు పత్రం దగ్గరే అసలు పని

ప్రోటోకాల్‌కు నెల రోజులు తీసుకుని, సమ్మతి పత్రాన్ని ముందురోజు రాత్రి సీనియర్ ఫైలులోంచి దించేస్తారు. నేనూ అదే చేశాను. చదువుకునే రోజుల్లో నా మొదటి పత్రాన్ని మా అమ్మకు చదివి వినిపిస్తే "ఇది కోర్టు నోటీసా బిడ్డా?" అని అడిగింది. కమిటీ కూడా దాదాపు అదే మాట మర్యాదగా రాసి తిప్పి పంపింది.

ఇలా ఉంటుంది ఆ దించిన తెలుగు: "ఈ పరిశోధన యందు మీ భాగస్వామ్యము స్వచ్ఛందమైనది. మీరు ఏ సమయమునందైనను ఎట్టి పరిణామములు లేకుండా ఉపసంహరించుకొనవచ్చును. మీ నుండి 5 మి.లీ. సిరల రక్త నమూనా సేకరించబడును."

ఎంజీఎం ఆస్పత్రి ఓపీ లైనులో నిలబడ్డ మనిషికి ఇందులో ఒక్క ముక్క ఎక్కదు. దాన్నే ఇలా రాయొచ్చు: "ఇందులో చేరాలా వద్దా అనేది మీ ఇష్టం. చేరాక వద్దనిపిస్తే మానేయొచ్చు, ఎందుకని ఎవరూ అడగరు. మానేసినా దవాఖానలో మిమ్మల్ని చూసే తీరు, ఇచ్చే మందులు ఏమీ మారవు. చేతి నరం నుంచి సూదితో ఒక చెంచా అంత నెత్తురు తీస్తాం. సూది గుచ్చినప్పుడు నొస్తుంది, అక్కడ కొద్దిగా కమిలిపోవచ్చు."

మధుమేహం అని రాయకండి, షుగర్ అనండి. రక్తపోటు కాదు, బీపీ. మాత్రలు అన్నా అర్థమవుతుంది గానీ మన దగ్గర గోలీలు అంటారు, అలాగే రాస్తే తప్పేం లేదు. ఎవరు ఏ గుంపో ముందే అనుకోకుండా రెండు గుంపులుగా విడదీస్తే "లాటరీ తీసినట్టు" అనండి. నష్టం ఉంటే ముందే చెప్పండి, లాభం లేకపోతే లేదని చెప్పండి. మీ నంబరు, గైడ్ నంబరు, ఫిర్యాదు చేయాలంటే మెంబర్ సెక్రటరీ నంబరు ఉండాలి. ఒక కాపీ ఆ మనిషికి ఇచ్చేయాలి. ఇస్తే ఏం చేసుకుంటారని చాలామంది ఇవ్వరు. ఏం చేసుకుంటారన్నది వాళ్ల ఇష్టం.

రాసిన తర్వాత క్యాంటీన్‌లో పనిచేసే అక్కకో, మీ నాయనమ్మకో చదివి వినిపించి, "నీకేం అర్థమైంది?" అని అడగండి. ఆమె తిరిగి చెప్పింది మీరు చెప్పదలుచుకున్నదే అయితే పత్రం సిద్ధమైనట్టు. ఆపైన, ఇంగ్లిష్ మూలం చూడని ఒకరితో ఆ తెలుగును తిరిగి ఇంగ్లిష్‌లోకి రాయించి జతచేయండి. కమిటీలు దీన్ని అడుగుతాయి. వరంగల్‌లో ఉర్దూ పత్రం కూడా అవసరపడుతుంది. తండాలకు వెళ్తే లంబాడీ భాషను తెలుగు లిపిలో రాసుకుని చదివి వినిపించేవాళ్లు కావాలి.

చదువురాని వాళ్ల దగ్గర వేలిముద్ర తీసుకోవచ్చు. అయితే అక్కడ మీ బృందానికి సంబంధం లేని సాక్షి ఉండి, మీరు చెప్పిందంతా విన్నానని సంతకం పెట్టాలి. వార్డులో దొరికిన తోటి మెడికోతో సాక్షి సంతకం పెట్టించడం దొంగ లెక్క కిందే వస్తుంది. పిల్లలయితే తల్లిదండ్రుల సమ్మతి ఒక్కటే చాలదు. ఏడు నుంచి పన్నెండేళ్ల వాళ్లు నోటిమాటగా, ఆపై పద్దెనిమిది లోపు వాళ్లు రాతపూర్వకంగా తమ ఒప్పుదల కూడా చెప్పాలి.

పేరు దాచాలా, రాయాలా?

ఆరోగ్య పరిశోధనలో పేరు కనబడనివ్వం, కోడ్ నంబరు వేస్తాం. దీన్నే కళాకారుల మీదికి యథాతథంగా తెస్తే చిక్కు వస్తుంది. చేర్యాల నకాషీ చిత్రకారుడి కంటిచూపు గురించో, ఒగ్గు కథ చెప్పే ఆయన గొంతు గురించో రాస్తున్నారనుకోండి. ఆయన పాడిన పాటను, గీసిన బొమ్మను "పార్టిసిపెంట్ 7" అని రాస్తే ఆయన విద్యను ఆయన దగ్గరి నుంచి లాక్కున్నట్టే. అదే ఆయన గొంతులో గడ్డ ఉందన్న సంగతి పేరుతో రాస్తే ఇంకో అన్యాయం. నేను చెప్పేది సమ్మతి పత్రంలో రెండు గళ్లు పెట్టమని. కళ గురించి చెప్పిన మాటలకు పేరు వేయమంటారా వద్దా? ఆరోగ్యం గురించి చెప్పింది పేరు లేకుండా విడిగా ఉంచుతాం, సరేనా? ఆడియో రికార్డింగుకు, ఫొటోకు మరో రెండు గళ్లు. ఇలా విడదీసి రాసిన ఫైలుకు కమిటీలో అభ్యంతరం రావడం నేనింతవరకు చూడలేదు.

ఇచ్చిన తర్వాత

ముప్పు దాదాపు లేని ప్రశ్నావళి లాంటివి ఒకరిద్దరు సభ్యులతో త్వరగా చూసేస్తారు. ముప్పు ఎక్కువున్నా, పిల్లలు, గర్భిణులు, ఆదివాసులు లాంటి వాళ్లున్నా నిండు కమిటీ ముందుకు వెళ్తుంది. దానికి కనీసం ఐదుగురు కూర్చోవాలి. మీ గైడే కమిటీలో సభ్యుడైతే మీ ఫైలు వచ్చినప్పుడు ఆయన బయటికి వెళ్లాలి, కంగారుపడకండి. మిమ్మల్ని పిలిస్తే రెండు మూడు నిమిషాల్లో చెప్పగలిగేలా వెళ్లండి. సవరణలు అడిగితే దాన్ని తిరస్కరణ అనుకుని టెన్షన్ పడొద్దు. అడిగిన ఒక్కోదానికి ఎదురుగా ఏ పేజీలో ఏం మార్చారో రాసిన కాగితం జతచేసి ఇవ్వండి.

ఈ అనుమతి వచ్చినంత మాత్రాన అన్ని తలుపులూ తెరుచుకోవు. ఎంజీఎంలో కేస్ షీట్లకు సూపరింటెండెంట్ దగ్గర, సర్కారు బడికి జిల్లా విద్యాధికారి (డీఈఓ) దగ్గర, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి (పీహెచ్‌సీ) జిల్లా వైద్య ఆరోగ్య అధికారి (డీఎంహెచ్‌ఓ) దగ్గర, ములుగు ఏజెన్సీ గూడేలకు ఏటూరునాగారంలోని గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ప్రాజెక్టు ఆఫీసర్ దగ్గర విడిగా లెటర్ పెట్టుకోవాలి. గూడెం పెద్ద సరేనన్నా ప్రతి మనిషి నుంచి సమ్మతి మళ్లీ తీసుకోవాల్సిందే.

యోగా చేయించడం, వ్యాయామం నేర్పడం, ఆహారం మార్పించడం లాంటివి ఉంటే అది ట్రయల్ కిందికి వస్తుంది. మొదటి మనిషిని చేర్చుకోక ముందే దేశంలోని ట్రయల్స్ నమోదయ్యే వెబ్‌సైటు సీటీఆర్‌ఐలో (క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ - ఇండియా) రిజిస్టర్ చేయాలి. ఫీజు లేదు. 2018 ఏప్రిల్ 1 నుంచి మొదలైపోయిన అధ్యయనాలను అక్కడ తీసుకోవడం లేదు. ఎథిక్స్ లెటర్ అప్‌లోడ్ చేయమంటారు కాబట్టి ముందు ఎథిక్స్ అనుమతి, తర్వాత సీటీఆర్‌ఐ.

ఎంబీబీఎస్, బీడీఎస్ విద్యార్థులకు మరో మాట. 1979 నుంచి నడుస్తున్న ఐసీఎంఆర్ షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ అనే విద్యార్థి పరిశోధన పథకానికి రెండు నెలల ప్రాజెక్టు పంపొచ్చు. నోటిఫికేషన్ వచ్చాక గైడ్‌తో కలిసి ఆన్‌లైన్‌లో పెట్టాలి. ప్రపోజల్ లోపల మీ పేరు, గైడ్ పేరు, కాలేజీ పేరు ఎక్కడా రాకూడదు. "మా ఎంజీఎంలో" అని అలవాటుగా ఒక్క మాట రాసినా ఊరు తెలిసిపోతుంది, చూసుకోండి. ఎథిక్స్ అనుమతి పని మొదలుపెట్టే నాటికి చేతిలో ఉండాలి.

అనుమతి పత్రం వచ్చాక ప్రశ్నావళిలో ఒక్క ప్రశ్న కలిపినా, హన్మకొండకు బదులు నర్సంపేట వెళ్దామనుకున్నా మళ్లీ కమిటీకి రాయాలి. ఏడాది దాటితే పని ఎంతవరకు వచ్చిందో చెప్పాలి, ముగిశాక తుది రిపోర్టు ఇవ్వాలి. ఈ చివరిది చాలామంది మరిచిపోయి పట్టా తీసుకుని వెళ్లిపోతారు. తర్వాత మెంబర్ సెక్రటరీ ఫోన్లు చేసేది గైడ్‌కు, గైడ్ తిట్టేది తర్వాతి బ్యాచ్‌ను.