ఏ ఆకు మట్టిలో ఏమవుతుంది: రొట్టను ఎంచుకునే పద్ధతి

పొలంలో ఎరువుగా ఎంత రొట్ట (ఆకు, గడ్డి) వేశామన్నది అందరూ లెక్కపెడతారు గాని, ఏ రొట్ట వేశామన్నది అంతకంటే ముఖ్యం. జీలుగ, వరిగడ్డి, సరుగుడు ఆకు మట్టిలో ఒకే రకమైన సేంద్రియ పదార్థంగా మారవు. కాబట్టి దున్నే ముందే చేతిలోని ఆకు సంగతి తెలుసుకోవాలి.

మొదట నత్రజని చూడాలి. ముదురాకుపచ్చగా, లేతగా ఉన్న పప్పుజాతి ఆకులో అది ఎక్కువ. కర్బనం నత్రజనికి సుమారు 25 రెట్లు మించితే సూక్ష్మజీవులు తమకు చాలని నత్రజనిని నేల నుంచే లాక్కుంటాయి. పూతకు వచ్చిన జీలుగలో ఈ నిష్పత్తి ఆ హద్దులోపే ఉంటుంది, వరిగడ్డిలో మాత్రం చాలాసార్లు 60 దాటుతుంది. గడ్డి కలియదున్నిన వెంటనే నాట్లు వేస్తే పైరు పసుపెక్కేది ఇందువల్లనే.

తరువాత లిగ్నిన్, అంటే ఆకుకు గట్టిదనమిచ్చే, త్వరగా చివకని పదార్థం. నీడలో ఎండిన ఆకును అరచేతిలో నలిపినప్పుడు పొడిపొడిగా రాలితే లిగ్నిన్ తక్కువని, పీచు, ఈనెలు మిగిలిపోతే ఎక్కువని అంచనా వేసుకోవచ్చు.

చాలామంది వదిలేసేది టానిన్, అంటే ఆకుకు వగరునిచ్చే పదార్థం. గుప్పెడు ఆకును దంచి, గ్లాసు నీటిలో మరిగించి వడకట్టి, అందులో తుప్పుపట్టిన మేకులు వేసి ఒక రాత్రి ఉంచాలి. కషాయం సిరాలాగా నల్లబడితే టానిన్ దండిగా ఉన్నట్టే. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఇనుప ద్రావణంతో గీసిన గీత నల్లబడేది కూడా ఈ చర్యతోనే. టానిన్ ఆకులోని మాంసకృత్తులను పట్టి బంధిస్తుంది కనుక, నత్రజని ఉన్నా పైరుకు ఆలస్యంగా అందుతుంది.

నత్రజని 2.5 శాతానికి పైన, లిగ్నిన్ 15 శాతానికి లోపు, పాలీఫినాల్స్ (టానిన్, దాని జాతి పదార్థాలు) 4 శాతానికి లోపు ఉన్న ఆకును నేరుగా కలియదున్నవచ్చు. నత్రజని ఉండి మిగతా రెండింటిలో ఏది ఎక్కువైనా, లేత రొట్టతోనో కొద్దిపాటి నత్రజని ఎరువుతోనో కలిపి వేయాలి. వరిగడ్డిలాంటి దాన్ని పేడతో కుళ్ళబెట్టి వేయడమే మేలు. సరుగుడు ఆకులాంటి మొండి ఆకును దున్నకుండా మొక్కల మొదళ్ళ చుట్టూ పరచాలి. తేమ ఆగుతుంది, మెల్లగా చివుకుతుంది.

మొండి ఆకే నేలలో కలకాలం నిలుస్తుందన్న పాత అభిప్రాయాన్ని నేను ఒప్పుకోను. లేత ఆకు తిని పెరిగి చచ్చిన సూక్ష్మజీవుల అవశేషాలు బంకమట్టి రేణువులను అంటుకుని ఏళ్ళతరబడి ఉంటాయి. నల్లరేగడిలో ఆ బంక పుష్కలం. ఇసుకపాలు ఎక్కువైన ఎర్రచెల్కలో అది తక్కువ గనుక, అక్కడ ఒకేసారి బండ్లకొద్దీ తోలడం కన్నా ఏటా తొలకరికి జనుమో పిల్లిపెసరో చల్లి, పూత దశలో కలియదున్నాలి.