కౌమారంలో సహజ గర్భనిరోధం: నెలసరి లెక్కను ఎలా రాసుకోవాలి, ఎంతవరకు నమ్మాలి

శరీరం ఇచ్చే సూచనలను బట్టి గర్భం వచ్చే అవకాశమున్న రోజులను గుర్తించి, ఆ రోజుల్లో కలయికకు దూరంగా ఉండడాన్నే సహజ గర్భనిరోధ పద్ధతి అంటారు. దీనికి మందులు అక్కరలేదు, దుష్ప్రభావాలూ ఉండవు. అయితే పద్ధతిని వివరించే ముందే ఒక మాట స్పష్టంగా చెప్పాలి. టీనేజీలో ఉన్న అమ్మాయి తన శరీరం తీరును తెలుసుకోవడానికి ఇది ఎంతో మేలైన సాధనమే గాని, గర్భం రాకుండా ఉండేందుకు దీన్నొక్కదాన్నే నమ్ముకోవడం ఆ వయసులో క్షేమం కాదు. ఎందుకో లెక్క వేసి చూస్తే మీకే తెలుస్తుంది.

రక్తస్రావం మొదలైన రోజును రుతుచక్రంలో 1వ రోజుగా లెక్కించాలి. మళ్లీ నెలసరి మొదలయ్యే ముందు రోజుతో ఆ చక్రం ముగుస్తుంది. అండాశయం నుంచి అండం విడుదలయ్యేది సాధారణంగా తర్వాతి నెలసరికి సుమారు రెండు వారాల ముందు. విడుదలైన అండం 12 నుంచి 24 గంటలే జీవించి ఉంటుంది గాని, పురుష బీజకణాలు స్త్రీ శరీరంలో 5 రోజుల వరకు బతికి ఉండగలవు కాబట్టి, అండం విడుదలకు ముందున్న ఐదు రోజులు, విడుదలైన రోజు గర్భం నిలిచే రోజులవుతాయి. ఇందులోని చిక్కల్లా ఒక్కటే: రెండు వారాల లెక్క రాబోయే నెలసరి నుంచి వెనక్కి వేసేది, ఆ నెలసరి ఏ రోజున వస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు.

క్యాలెండర్ పద్ధతికి కనీసం ఆరు చక్రాల నమోదు కావాలి. వాటిలో అతి చిన్న చక్రం రోజుల్లోంచి 18, అతి పెద్ద చక్రం రోజుల్లోంచి 11 తీసివేస్తే, గర్భం వచ్చే అవకాశమున్న మొదటి రోజు, చివరి రోజు తేలతాయి. ఉదాహరణకు ఒక అమ్మాయి చక్రాలు వరుసగా 24, 31, 27, 38, 26, 33 రోజులు ఉన్నాయనుకుందాం. 24 లోంచి 18 తీస్తే 6, 38 లోంచి 11 తీస్తే 27. అంటే 6వ రోజు నుంచి 27వ రోజు వరకు, మొత్తం 22 రోజులు జాగ్రత్త పడవలసినవే. 24 రోజుల చక్రంలో ఇక మిగిలేది నెలసరి రోజులే. పెద్దవారిలో చక్రం చాలావరకు 21 నుంచి 35 రోజుల మధ్య ఉంటే, రజస్వల అయిన తొలి సంవత్సరాల్లో 45 రోజుల వరకు ఉండడం సహజం. కొన్ని చక్రాల్లో అండం విడుదల కాకపోవచ్చు కూడా. ఫోన్‌లోని నెలసరి యాప్‌లు చాలావరకు గడచిన చక్రాల సగటును బట్టే అంచనా కడతాయి కనుక, అవి చూపే ‘సేఫ్’ రోజులను హామీగా తీసుకోకూడదు. నెలసరి రోజుల్లో గర్భం రాదన్న నమ్మకమూ సరికాదు. చక్రం చిన్నదైనప్పుడు నెలసరి చివరి రోజుల కలయిక వల్ల కూడా గర్భం రావచ్చు.

రోజులను లెక్కపెట్టడం కంటే శరీర లక్షణాలను గమనించడం నమ్మదగిన మార్గం. ఉదయం మెలకువ రాగానే, మంచం దిగకముందే, మాట్లాడకముందే, నీళ్లు తాగకముందే, దశాంశం తర్వాత రెండు అంకెలు చూపే థర్మామీటర్‌తో, రోజూ ఒకే వేళకు ఉష్ణోగ్రత చూసి రాసుకోవాలి. అండం విడుదలయ్యాక అది 0.2 నుంచి 0.5 సెల్సియస్ డిగ్రీల వరకు పెరుగుతుంది. ఆరు రోజులపాటు 36.45 దాటని కొలత ఆ తర్వాత వరుసగా 36.60, 36.65, 36.70గా నమోదైతే అండం విడుదలై ఉంటుందని భావించవచ్చు. జ్వరం, నిద్రలేమి, పరీక్షల కోసం రాత్రంతా మేలుకోవడం ఈ కొలతను తారుమారు చేస్తాయి కాబట్టి అలాంటి రోజు అంకె పక్కన కారణం కూడా రాయాలి.

దీనితోపాటు తెల్లబట్టను కూడా గమనించాలి. నెలసరి తర్వాత కొన్నాళ్లు పొడిగా ఉండి, ఆపైన జిగురుగా మారి, అండం విడుదల దగ్గరపడే కొద్దీ పచ్చి గుడ్డులోని తెల్లసొనలా పారదర్శకంగా, జారుడుగా, వేళ్ల మధ్య సాగేలా తయారవుతుంది. తడి కనిపించిన మొదటి రోజు నుంచే జాగ్రత్త మొదలవ్వాలి. ఆ తడి తగ్గి, ఉష్ణోగ్రత మూడు రోజులు ఎక్కువగా నిలిచాకే, అంటే రెండు సూచనలూ ఏకీభవించాకే, ఆ కాలం ముగిసిందని భావించాలి. దురద, దుర్వాసన ఉంటే అది ఇన్ఫెక్షన్ కావచ్చు. అప్పుడు గమనింపును పక్కనపెట్టి వైద్యులకు చూపించుకోవాలి.

ఈ కోవకు చెందిన పద్ధతులను అనుసరించే 100 మంది స్త్రీలలో, ఎంచుకున్న పద్ధతిని, పాటించే శ్రద్ధను బట్టి, ఏడాదిలో 2 నుంచి 23 మంది వరకు గర్భం దాలుస్తారు. రోజూ తప్పకుండా రాసుకోవడంతోపాటు, వద్దన్న రోజున వద్దని చెప్పగలగడం, ఆ మాటను భాగస్వామి మన్నించడం కూడా ఇందులో భాగమే. బతిమాలినా, బెదిరించినా లొంగవలసిన అవసరం మీకు లేదు. పైగా లైంగికంగా సంక్రమించే వ్యాధుల నుంచి ఈ పద్ధతి ఏ రక్షణా ఇవ్వదు. ఆ రక్షణ కోసం ప్రతిసారీ కండోమ్ వాడాలి. మీ వయసుకు తగిన ఇతర గర్భనిరోధక సాధనాల గురించి గైనకాలజిస్టును గాని, నమ్మకమైన ఆరోగ్య కార్యకర్తను గాని సంకోచం లేకుండా అడగండి. 90 రోజులు దాటినా నెలసరి రాకపోయినా, రక్తస్రావం 7 రోజులకు మించినా మీరు రాసుకున్న పట్టికను వెంట తీసుకెళ్లండి, వైద్యులకు అది బాగా ఉపయోగపడుతుంది.

రక్షణ లేని కలయిక జరిగినట్లయితే పట్టిక చూసి ధైర్యం చెప్పుకుంటూ కూర్చోకూడదు. లెవోనార్‌జెస్ట్రెల్ అనే అత్యవసర గర్భనిరోధక మాత్రను 72 గంటల లోపు, వీలైనంత త్వరగా వేసుకోవాలి. ఆలస్యమయ్యే కొద్దీ దాని పనితనం తగ్గుతుంది. ఆ తర్వాత మూడు వారాలకు కూడా నెలసరి రాకపోతే గర్భనిర్ధారణ పరీక్ష చేయించుకోవాలి.