చుక్క ఆకారం చూసి తప్పు పట్టుకోవడం: రాత్రి ఆకాశం ఫొటోల సమస్యలు, పరిష్కారాలు

ఒడిశాలో రాయగడ, జయపురం, కోరాపుట్ వైపు మన తెలుగు కుర్రాళ్ళు దేవ్‌మాలి కొండెక్కి పాలపుంత ఫొటోలు తీయడం మొదలుపెట్టారు. తీసుకొచ్చిన ఫొటో చూపించి మొదట అడిగేది ఒకటే: "ఐఎస్ఓ ఎంత పెట్టాలండీ?" ఐఎస్ఓ అంటే అందిన వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె. నన్నడిగితే అది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న. ముందు ఫొటోను కెమెరా తెర మీద పూర్తిగా జూమ్ చేసి ఒక్క చుక్కను చూడండి. బిళ్ళలా ఉబ్బిందా, గీతలా సాగిందా, వంకర తిరిగిందా, చుట్టూ మసక కమ్మిందా? సగం సమస్యలకు కారణం అక్కడే దొరుకుతుంది. అది తేలకుండా సెట్టింగులు మారిస్తే బాగున్నవి కూడా చెడతాయి.

చుక్కలన్నీ బిళ్ళల్లా ఉబ్బి ఉన్నాయి

కారణం ఫోకస్. చీకట్లో ఆటోఫోకస్‌కు పట్టుకోవడానికి ఏమీ దొరకదు, లెన్స్ అటూ ఇటూ తిరిగి ఎక్కడో ఆగిపోతుంది. మాన్యువల్‌లో పెట్టి రింగును చివరిదాకా తిప్పేసేవాళ్ళకూ ఇదే గతి. చాలా లెన్సుల్లో రింగు అనంతం (అతి దూరపు వస్తువులకు ఫోకస్ కుదిరే చోటు) దాటి ఇంకాస్త తిరుగుతుంది. చలికీ వేడికీ లెన్స్‌లో వచ్చే తేడాను సర్దుకోవడానికి అలా చేస్తారు. అందుకే అనంతం గుర్తును నమ్మొద్దు.

లైవ్ వ్యూ (దృశ్యం నేరుగా కెమెరా తెర మీద కనిపించే పద్ధతి) పెట్టి, ఆకాశంలో బాగా మెరిసే చుక్కను తెర మధ్యకు తెచ్చి, 10 రెట్లు పెద్దది చేయండి. చలికాలంలో లుబ్ధకుడు, ఎండాకాలంలో స్వాతి, దసరా రోజుల్లో అభిజిత్ ఉంటాయి. రింగును వెంట్రుకవాసిగా తిప్పుతూ పోతే చుక్క చిన్నదై, ఇంకా చిన్నదై, మళ్ళీ ఉబ్బడం మొదలుపెడుతుంది. ఉబ్బడం మొదలైన చోటి నుంచి కొంచెం వెనక్కి రండి. చుక్క అతి చిన్నగా కనిపించిన చోటే ఫోకస్. తెర మీద చుక్కే కనపడకపోతే దూరంగా సెమిలిగుడ ఊళ్ళో వీధి దీపం ఒకటి పట్టుకోండి. వెడల్పు లెన్సుకు కిలోమీటర్ల దూరంలోని దీపమూ నక్షత్రమూ ఒకటే.

ఫోకస్ కుదిరాక రింగు మీద టేపు అంటించండి. ఆ తర్వాత జూమ్ ముట్టుకోవద్దు, ముట్టుకుంటే ఫోకస్ మారిపోతుంది. ఇంకో చిక్కుంది. ఇప్పటి లెన్సులు చాలావాటిలో రింగు నేరుగా గాజును కదపదు, లోపలి మోటారుకు చెబుతుంది. అలాంటి లెన్సుల్లో కొన్ని, కెమెరా ఆఫ్ చేసినా, దానంతట అది నిద్రలోకి పోయినా, ఫోకస్ మర్చిపోతాయి. ఆటో పవర్ ఆఫ్ తీసేయండి. మధ్యలో ఆపితే మళ్ళీ మొదటినుంచి ఫోకస్ చేసుకోవాలి.

చుక్కలు గీతల్లా సాగాయి

ఇక్కడ ఇద్దరు అనుమానితులు ఉన్నారు: భూమి, ట్రైపాడ్. తేల్చడం తేలికే. ఫొటోలో కింద ఉన్న చెట్టునో బండరాయినో చూడండి. అది స్పష్టంగా ఉండి చుక్కలు మాత్రమే సాగితే భూమి తిరగడం వల్ల. చెట్టూ చుక్కా ఒకే వంకరలో కదిలితే ట్రైపాడ్ కదిలింది.

భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. షట్టర్ ఎంతసేపు తెరవాలో ఒక మోటు లెక్క ఉంది. 500ను లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో (లెన్స్ మీద ఎంఎంలలో రాసి ఉండే అంకె) భాగించాలి. చిన్న సెన్సర్ కెమెరా అయితే ముందు ఆ ఫోకల్ లెంగ్త్‌ను 1.5తో గుణించుకోవాలి. కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్స్ 18 ఎంఎం దగ్గర 27 అవుతుంది, 500 బై 27 అంటే 18 సెకన్లు. ఈ లెక్క ఫిల్మ్ రోజులది. ఇప్పటి 24 మెగాపిక్సెల్ సెన్సర్ మీద జూమ్ చేస్తే 18 సెకన్లకు కూడా గీతలు కనిపిస్తాయి. నేను 500 బదులు 300 వేసుకోమంటాను, అప్పుడు 11 సెకన్లు వస్తుంది. అదే కెమెరాకు 50 ఎంఎం లెన్స్ పెడితే 4 సెకన్లే. ఏ దిక్కు తీస్తున్నారన్నదీ చూసుకోవాలి. మృగశిర వైపు చుక్కలు ఖగోళ మధ్యరేఖ దగ్గర ఉంటాయి కాబట్టి ఎక్కువ సాగుతాయి. మన దగ్గర ఉత్తరాన 19 డిగ్రీల ఎత్తులో ఉండే ధ్రువ నక్షత్రం చుట్టుపక్కలవి దాదాపు కదలవు.

ట్రైపాడ్ దోషమైతే మధ్య కడ్డీ దించేయండి, 2 సెకన్ల టైమర్ పెట్టండి, లెన్స్‌లో వైబ్రేషన్ తగ్గించే స్విచ్ ఆఫ్ చేయండి. ట్రైపాడ్ మీద అది లేని కదలికను వెతుక్కుని తానే కదిలిస్తుంది. బరువు కోసం బ్యాగ్ వేలాడదీసేవాళ్ళు దాని అడుగు నేలకు ఆనేలా చూసుకోండి. దేవ్‌మాలి గాలికి ఊగే బ్యాగ్ కంటే బ్యాగ్ లేకపోవడమే నయం.

మధ్యలో బాగున్నాయి, మూలల్లో చుక్కలకు రెక్కలొచ్చాయి

లెన్స్ గుణం. అపెర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచారు. 1.8 లెన్స్‌ను 2.8కి దించండి (అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది), చాలావరకు పోతుంది.

మొదట్లో బాగా వచ్చాయి, పోనుపోను మసకబారాయి

చాలామంది మబ్బు అనుకుని సర్దేసుకుంటారు. తలెత్తి చూస్తే చుక్కలు బాగానే మెరుస్తుంటాయి. మరి మసక ఎక్కడిది? లెన్స్ ముందు గాజు మీద టార్చ్ వాలుగా వేయండి. సన్నటి పొర, వేలు పెడితే గీత పడేంత (పెట్టకండి). అది మంచు.

ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు చెమట పట్టినట్టే ఇదీ. కాకపోతే ఇక్కడ గాజును చల్లబరిచేది ఆకాశమే. మబ్బులేని రాత్రి, పైకి చూస్తున్న గాజు తన వేడిని నేరుగా ఆకాశంలోకి వదిలేసి చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడుతుంది. గాలిలో తేమ దాని మీద నీరవుతుంది. ఫొటోకు ఎంత మంచి రాత్రయితే అంత ఎక్కువ మంచు పడుతుందన్నమాట. కోరాపుట్ కొండల్లో కార్తీకం నుంచి మాఘం దాకా ఈ బెడద తప్పదు.

గుడ్డతో తుడిస్తే రెండు నిమిషాల్లో మళ్ళీ పడుతుంది, పైగా మరకలు. పవర్ బ్యాంక్‌తో నడిచే వేడి పట్టీ దొరుకుతుంది. దాన్ని లెన్స్ ముందు అంచుకు చుట్టి మొదటినుంచే ఆన్‌లో ఉంచాలి. మంచు పట్టాక ఆన్ చేస్తే ఆరడానికి చాలాసేపు పడుతుంది. పట్టీ లేకపోతే, గాలి తగిలితే వేడెక్కే చిన్న పొట్లాలు రెండు పాత మేజోడులో దూర్చి లెన్స్‌కు చుట్టండి. లెన్స్ ముందు హుడ్ (గొట్టం లాంటి తొడుగు) తగిలిస్తే గాజుకు కనిపించే ఆకాశం తగ్గుతుంది, మంచు ఆలస్యంగా పడుతుంది. ఫొటోకూ ఫొటోకూ మధ్య కెమెరాను నేల వైపు వంచడం మరో ఉపాయం, దీనికి ఖర్చు లేదు.

ఆకాశం నల్లగా లేదు, మట్టిరంగులో ఉంది

మొదట పంచాంగం చూడండి. వెన్నెల్లో పాలపుంత రాదు. అమావాస్య రోజే వెళ్ళాలని నియమమేమీ లేదు. మార్చిలో తెల్లవారుజామున తీసేవాళ్ళకు శుద్ధ అష్టమి దాకా ఇబ్బంది లేదు, చంద్రుడు అర్ధరాత్రి దాటగానే అస్తమిస్తాడు. అక్టోబరులో సాయంత్రం తీసేవాళ్ళకు బహుళ పక్షం మంచిది, పంచమి దాటితే చంద్రుడు బాగా పొద్దుపోయాక గానీ రాడు. పక్కింటి ఒడియా వాళ్ళ పంజికలో బహుళ పక్షానికి మాసం పేరు మనకంటే ఒకటి ముందుంటుంది, కంగారు పడొద్దు. అమావాస్య మాత్రం ఇద్దరికీ ఒకే రోజు.

చంద్రుడు లేకపోయినా మట్టిరంగే ఉంటే పొగ. ఫిబ్రవరి నుంచి మే దాకా మన కొండవాలుల్లో పోడు కాలుస్తారు, ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్ల కింద ఎండుటాకులు తగలబెడతారు. ఆ పొగ దిగంతం నుంచి, చేయి చాచి పట్టిన అరచేయి ఎత్తు దాకా పరుచుకుని, ఊళ్ళ దీపాల వెలుగును పట్టుకుంటుంది. దీనికి కెమెరాలో మందు లేదు. ఏప్రిల్‌లో కాలబైశాఖి గాలివాన కురిసి వెలిసిన మర్నాటి రాత్రి వెళ్ళండి, ఆకాశం కడిగేసినట్టుంటుంది.

మూడోది ఊళ్ళ వెలుగు. దేవ్‌మాలి మీద నుంచి పడమర, వాయవ్యం వైపు సునాబెడ, దామన్‌జోడి ఉంటాయి, అటు తిరగొద్దు. ఆగ్నేయాన కిందుగా సాలూరు, ఆ వెనక విజయనగరం మైదానం. పాలపుంత నడిభాగం ఉదయించేది సరిగ్గా అటువైపే. అందుకే ఉదయించగానే తీస్తే వెలుగులో కొట్టుకుపోతుంది. మార్చి మధ్యలో ఒంటిగంటకు ఉదయిస్తే, నాలుగు గంటలకల్లా 30 డిగ్రీల పైకి వస్తుంది. అప్పుడు తీయండి. ఏప్రిల్ చివరికల్లా మూడున్నరకే నేరుగా దక్షిణాన 42 డిగ్రీల ఎత్తులో ఉంటుంది, అంతకంటే మంచి సమయం మనకు లేదు. జూన్, జూలైలో రాత్రంతా ఉంటుంది గానీ వానాకాలం. డిసెంబరులో ఆ నడిభాగం సూర్యుడి పక్కనే ఉంటుంది, ఎంత మంచి కెమెరా తెచ్చినా కనిపించదు.

గింజలు గింజలుగా ఉంది; ఫొటో తీశాక కెమెరా బిగుసుకుపోయింది

గింజలు ఐఎస్ఓ వల్ల అనుకుంటారు, నిజానికి వెలుతురు చాలకపోవడం వల్ల. ఐఎస్ఓ 800కి తగ్గించి తీసి, తర్వాత కంప్యూటర్‌లో వెలుగు పెంచితే గింజలు తగ్గవు, కొన్ని కెమెరాల్లో ఇంకా ఘోరంగా ఉంటుంది. 3200 పెట్టి, రా ఫైల్‌లో (కెమెరా మార్పులు చేయకుండా దాచే అసలు ఫైల్) ఒకే చోటు 16 ఫొటోలు తీసి సీక్వేటర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కలపండి. గింజలు నాలుగో వంతుకు తగ్గుతాయి. బిగుసుకుపోవడం రిపేరు కాదు. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆన్‌లో ఉంటే కెమెరా అంతేసేపు షట్టర్ మూసి ఇంకో నల్ల ఫొటో తీసుకుంటుంది. ఇలా ఫొటోలు కలిపేవాళ్ళు దాన్ని ఆఫ్ చేయండి.

దిగంతం దగ్గర ఆకుపచ్చ

మా మేనల్లుడు గోపాల్‌పూర్ బీచ్‌లో తీసి పంపాడు. "మావయ్యా, ఇది అరోరాయేనా?" కాదురా అబ్బాయ్. అరోరా అంటే ధ్రువాల వైపు రాత్రి ఆకాశంలో కనిపించే రంగుల వెలుగు. 2024 మే 10, 11 తేదీల్లో వచ్చిన పెద్ద సౌర తుపానుకు లద్దాఖ్‌లోని హాన్లేలో ఎరుపు కనబడింది, అదీ కెమెరాకే. మనం అంతకంటే చాలా దక్షిణాన ఉన్నాం. వాడి ఫొటోలో ఉన్నది వాయుదీప్తి. పగలంతా ఎండ తిన్న ఆక్సిజన్ రాత్రిపూట 95 కిలోమీటర్ల ఎత్తు దగ్గర సన్నగా వెలుగుతుంది. దాని రంగూ అరోరా ఆకుపచ్చా ఒకటే, 557.7 నానోమీటర్లు. గుర్తు పట్టడం ఎలాగంటే, అరోరా అయితే ఉత్తరానే ఉండాలి. ఇది ఏ దిక్కు తిప్పినా ఉంటుంది. దోషం కాదు, ఉంచుకోండి.

అసలు అరోరా ఫొటోలు మన పిల్లలు నార్వే, ఫిన్లాండ్, కెనడా నుంచి పంపుతున్నారు. వాళ్ళ ఫిర్యాదులు వేరే.

అరోరాలో పరదాల్లాంటి మడతలు కనబడలేదు, పచ్చ ముద్దలా వచ్చింది: షట్టర్ 15 సెకన్లు తెరిచి ఉంటారు. అరోరా కదులుతుంటే 2 నుంచి 5 సెకన్లు చాలు, అపెర్చర్ పూర్తిగా తెరిచి ఐఎస్ఓ పెంచండి.

ఫొటో మధ్యలో ఒకదానిలో ఒకటి గుండ్రటి వలయాలు: లెన్స్ పోయిందని టెన్షన్ పడేది దీనికే. ముందు తగిలించిన యూవీ ఫిల్టర్ వల్ల వస్తాయి. అరోరా పచ్చ ఒకే తరంగదైర్ఘ్యం కాబట్టి, ఫిల్టర్ గాజు రెండు ముఖాల మీద తగిలిన వెలుగు తనతో తానే కలిసి వలయాలు కడుతుంది. ఫిల్టర్ తీసేయండి, పోతాయి. తీసిన ఫొటోల్లోంచి చెరపడం మాత్రం కష్టం.

హోటల్‌కి తెచ్చాక కెమెరా నిండా నీళ్ళు: సున్నా కింద చలిలోంచి వెచ్చటి గదిలోకి నేరుగా తెచ్చారు. బయటే జిప్ కవర్‌లో పెట్టి గాలి తీసేసి బిగించి, లోపలికి తెచ్చి, గది వేడికి వచ్చేదాకా తెరవకుండా ఉంచండి. మెమరీ కార్డు మాత్రం కవర్‌లో పెట్టకముందే తీసుకోండి, లేకపోతే ఫొటోలు చూసే ఆత్రంలో పది నిమిషాలకే జిప్ లాగేస్తారు.