ఇంట్లో ఉన్న ఫోటోలతో స్క్రాప్‌బుక్ ఎలా మొదలుపెట్టాలి?

స్క్రాప్‌బుక్ చేద్దామనుకోగానే చాలామంది ముందు స్టేషనరీ షాపుకు పరుగెడతారు. రంగు కాగితాలు, స్టిక్కర్లు, మెరుపుల టేపులు సంచి నిండా తెచ్చుకుంటారు. రెండు పండగలు దాటినా ఆ సంచి బీరువా మీదే ఉంటుంది. కొనాల్సినవి తర్వాత చూద్దాం, అవి ఎక్కువేం లేవు. ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది: ఏ ఫోటోలు, వాటి గురించి చెప్పగలిగేవాళ్లు ఎవరు? ఫోటోలు వరసగా అంటించి ఊరుకుంటే అది ఆల్బమే. పక్కన నాలుగు ముక్కలు రాస్తేనే స్క్రాప్‌బుక్.

ఒక్క సంగతి పట్టుకోండి

"మా కుటుంబం" అని మొదలుపెట్టకండి. తాతల కాలం నుంచి మొన్నటి బర్త్‌డే దాకా అన్నీ పెట్టాలనుకుంటే మూడో పేజీలోనే ఆగిపోతారు. చిన్న సంగతి తీసుకోండి. అమ్మమ్మగారి ఊళ్లో వేసవి సెలవులు, నాన్న బదిలీ మీద తిరిగిన ఊళ్లు, గృహప్రవేశం, ఇలా ఏదైనా ఒకటి. ఇరవై, పాతిక ఫోటోలు, పదిహేను పేజీలు చాలు. ఇక్కడ అమ్మానాన్నల పెళ్లిని ఉదాహరణగా తీసుకుంటాను. ఆ ఫోటోలు చాలా ఇళ్లలో ఉంటాయి, వాటి గురించి గంటలు గంటలు మాట్లాడేవాళ్లూ ఉంటారు.

పోగుచేయడం

మీ బీరువాలో ఉన్నవి కొన్నే. మిగతావి మేనత్త ఇంట్లో, పిన్ని వాళ్ల అటక మీద ట్రంకు పెట్టెలో, పాత పాస్‌బుక్కుల మధ్యలో ఉంటాయి. "మీ దగ్గరున్న ఫోటోలు ఇవ్వండి" అంటే ఎవరూ ఇవ్వరు, మళ్లీ తిరిగిరావని భయం. "మీ ఇంటికొచ్చి ఫోన్‌లో తీసుకుంటా" అంటే కాఫీ ఇచ్చి మరీ తీసి చూపిస్తారు. దూరాన ఉన్నవాళ్లు వాట్సాప్‌లో పంపేటట్టయితే ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి. ఫోటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, ప్రింట్ వేయిస్తే మొహాలు అలుక్కుపోయినట్టు వస్తాయి.

కాగితాలూ అడగండి. మూలలకు పసుపు రాసిన శుభలేఖ, పట్టుచీర కొన్న బిల్లు, శుభాకాంక్షల టెలిగ్రాము (2013లో మన దేశంలో టెలిగ్రాం సర్వీసే ఆగిపోయింది, కాబట్టి అది ఇక దొరికే వస్తువు కాదు). నన్నడిగితే అన్నిటికన్నా విలువైనది చదివింపుల నోటుబుక్కు. ఎవరు పదకొండు రూపాయలు చదివించారు, ఎవరు స్టీలు బిందె తెచ్చారు, అన్నీ వరసగా పేర్లతో సహా ఉంటాయి. పెళ్లికి ఎవరెవరు వచ్చారో చెప్పే సాక్ష్యం అంతకన్నా ఏముంటుంది?

పాత ఆల్బమ్‌లలో ఒక రకం ఉంది: అట్టలాంటి పేజీకి జిగురు చారలు, పైన ప్లాస్టిక్ పొర. ఆ జిగురు ఏళ్లు గడిచేకొద్దీ పసుపు రంగుకు తిరిగి, ఫోటోను గట్టిగా పట్టేస్తుంది. మూల పట్టుకుని లాగితే చిరుగుతుంది. డెంటల్ ఫ్లాస్ దారాన్ని ఫోటోకూ పేజీకీ మధ్య దూర్చి, రెండు చివర్లూ పట్టుకుని మెల్లగా అటూ ఇటూ ఆడిస్తూ కిందికి దించండి. చాలావరకు ఊడి వస్తుంది. రాకపోతే పేజీ మీద ఉండగానే ఫోటో తీసుకుని వదిలేయండి. ఫ్రేములో అద్దానికి అతుక్కుపోయిన ఫోటోకూ ఇదే మాట. అద్దంతో సహా ఫోటో తీయడమే మంచిది.

ఏ సంవత్సరం?

ఫోటో వెనక తేదీ రాసే అలవాటు మనలో తక్కువ. అయినా ఆనవాళ్లు దొరుకుతాయి. చిన్న చదరపు బ్లాక్ అండ్ వైట్ ప్రింటు ఉందంటే అది ఆగ్ఫా క్లిక్ లాంటి కెమెరాతో తీసింది కావచ్చు. వాటిలో రోలుకు పన్నెండు ఫోటోలే పడేవి. అందుకే ఆ కాలపు ఫోటోల్లో అందరూ ఊపిరి బిగబట్టి నిలబడినట్టుంటారు. ఎర్రగా తిరిగిపోయిన కలర్ ప్రింట్లు ఎక్కువగా 1970లు, 80లవి. మూలన నారింజ రంగు అంకెలతో తేదీ పడిన ఫోటోలను మాత్రం గుడ్డిగా నమ్మకండి. కెమెరాలో తేదీ సరిచేయకుండానే ఏళ్లకేళ్లు వాడినవాళ్లు చాలామంది.

శుభలేఖ దొరికితే సగం పని అయిపోయినట్టే. ఇంగ్లీషు తేదీ చిరిగిపోయినా "శ్రీ రక్తాక్షి నామ సంవత్సర" అన్న ముక్క మిగిలితే చాలు. ప్రభవ 1987 ఉగాదితో మొదలైంది, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెడితే రక్తాక్షి 1984 ఉగాది నుంచి 1985 ఉగాది దాకా. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగి వస్తుంది కాబట్టి 1924 కూడా కావచ్చు, కానీ ఫోటోలో నాన్న బెల్‌బాటమ్ చూశాక ఆ అనుమానం ఉండదు.

పెద్దవాళ్లకు సంవత్సరాలు గుర్తుండవు, పుష్కరాలు గుర్తుంటాయి. "గోదావరి పుష్కరాలకు ముందా, తర్వాతా?" అని అడగండి. గోదావరికి 1991, 2003, 2015, కృష్ణకు 1992, 2004, 2016. దివిసీమ వైపువాళ్లకైతే 1977 ఉప్పెనే కొలత.

మాట్లాడించడం

ఈ పని మాత్రం వాయిదా వేయకండి. పేజీలు వచ్చే ఏడాదైనా అంటించుకోవచ్చు, ఎనభై ఏళ్ల పెద్దమ్మ జ్ఞాపకం వచ్చే ఏడాదికి ఇలాగే ఉంటుందని చెప్పలేం.

భార్యాభర్తలను పక్కపక్కన కూర్చోబెట్టి అడిగితే ఒకరే మాట్లాడతారు. అదే అక్కచెల్లెళ్లను కూర్చోబెట్టండి, ఒకరు చెప్పింది ఇంకొకరు కాదంటారు, ఆ వాదనలోంచే అసలు విషయాలు బయటికొస్తాయి. ముందే చెప్పి ఫోన్‌లో వాయిస్ రికార్డింగ్ పెట్టండి. ఒక విడతలో ఏడెనిమిది ఫోటోలకు మించి చూపించకండి, అలసిపోతారు.

"ఈవిడెవరు?" అన్న ప్రశ్నతో మొదలుపెడితే దారి మూసుకుపోతుంది. ఒక పెళ్లి గ్రూప్ ఫోటో ముందు జరిగిన సంభాషణ ఇది:

"పెద్దమ్మా, ఈ చివర నిలబడిందెవరు?"

"ఏమోనే. మీ నాన్న తరఫువాళ్లు అయ్యుంటారు."

"పోనీ ఈ కుర్చీలు ఎక్కడివి? అన్నీ ఒకేలా ఉన్నాయి."

"అవా? బళ్లోవి. హెడ్‌మాస్టారు ముందురోజు రాత్రి ఎడ్లబండి మీద పంపించారు. అయ్యో, ఇదిగో, చివర నిలబడింది ఆయన భార్యే కదా! మీ అమ్మకు పూలజడ కుట్టింది ఆవిడే."

మనిషి గుర్తురాకపోతే వస్తువు మీదికి వెళ్లండి. రేడియో ఎప్పుడు కొన్నారు, ఆ పందిరి ఎవరు వేశారు, ఈ చీర ఇప్పుడెవరి దగ్గరుంది, ఆ రోజు వంటలేంటి. వంటల దగ్గర ఎవరికైనా నోరు విప్పుకుంటుంది.

పేర్లు రాసుకునేటప్పుడు ఎడమ నుంచి కుడికి వరసగా రాయండి. "పిన్ని, బాబాయ్" అని ఊరుకుంటే రేపు మీ పిల్లలు "ఎవరి పిన్ని?" అంటారు. పేరు, ఇంటిపేరు, ఊరు రాసి, ఆ తర్వాత వరస రాయండి.

ఇంకో విషయం. పెళ్లి ఫోటోల్లో కనిపించనివాళ్లు కొందరుంటారు. పొయ్యిల దగ్గర ఉండిపోయిన మేనత్త, కెమెరా పట్టుకున్న బాబాయ్, మాటామాటా వచ్చి తాళి కట్టేలోపే వెళ్లిపోయిన ఒక పెదనాన్న. వాళ్ల గురించి అడగండి. ఆ రోజు ఫోటో లేకపోయినా ఇంకెప్పటిదో ఒకటి సంపాదించి వాళ్లకూ ఒక పేజీ ఇవ్వండి. ఎవరినైనా కత్తెరతో కత్తిరించేసిన ఫోటో దొరికితే దాన్ని అలాగే ఉంచండి. కారణం రాయాలా వద్దా అన్నది ఇంట్లోవాళ్లతో మాట్లాడుకున్నాకే.

అసలు ఫోటోలు అంటించకండి

పుస్తకంలోకి కాపీలే వెళ్లాలి, అసలువి కవర్లలో పెట్టి పెట్టెలో దాచండి. స్కానర్ ఉంటే 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) చేయండి. 4×6 అంగుళాల ఫోటో 2400×3600 పిక్సెల్స్ వస్తుంది, కావాలంటే రెట్టింపు సైజులోనూ ప్రింట్ వేయించుకోవచ్చు. ఫోన్‌తో అయితే పగలు కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట ఫోటోను బల్ల మీద పరిచి, ఫోన్‌ను దానికి సరిగ్గా సమాంతరంగా పట్టుకోండి. ఫ్లాష్ వద్దు. ఫ్యాన్ ఆపేయండి, లేకపోతే సగం టైము ఎగిరిన ఫోటోలు ఏరుకోవడానికే సరిపోతుంది. మచ్చలు, గీతలు సరిచేయించుకోవచ్చు గానీ మొహాలను "కొత్తగా" చేసే యాప్‌ల జోలికి వెళ్లకండి. లేని కళ్లు, లేని పళ్లు పుట్టిస్తాయి. అమ్మమ్మ ఫోటో ఇస్తే ఎవరో సీరియల్ నటి వచ్చి కూర్చుంటుంది.

ప్రింట్లు ఫోటో స్టూడియోలో ఫోటో పేపర్ మీదే వేయించండి.

ఏమేం కొనాలి?

ఏ4 సైజు రింగ్ ఫైలు, 200 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములన్న లెక్క) పైన ఉండే మందపాటి షీట్లు. యాసిడ్ ఫ్రీ (ఆమ్లం లేనివి) అని రాసి ఉన్నవి దొరికితే అవే తీసుకోండి. స్పైరల్ బైండింగ్ చవకే, కానీ ఫోటోలు అంటించేకొద్దీ పుస్తకం ఉబ్బిపోయి మూసుకోదు. రింగులైతే మధ్యలో పేజీ చేర్చుకోవచ్చు, తీసేయొచ్చు.

ఇంట్లో ఉండే తెల్ల జిగురు వాడకండి. అందులో నీళ్లుంటాయి, కాగితం ముడతలు పడుతుంది. సెలోటేపు కొన్నేళ్లకు పసుపుపచ్చగా మారి మరక మిగులుస్తుంది. ఫోటో కార్నర్లు (ఫోటో మూలలను పట్టి ఉంచే చిన్న జేబుల్లాంటివి), లేదా యాసిడ్ ఫ్రీ డబుల్ సైడ్ టేపు చాలు. స్టేప్లర్ పిన్నులు తుప్పు పడతాయి. పేపర్ కటింగులు నేరుగా అంటిస్తే అవి గోధుమరంగుకు తిరగడమే కాక పక్కనున్నవాటినీ పాడుచేస్తాయి, జిరాక్స్ తీయించి పెట్టండి.

రాయడానికి పిగ్మెంట్ ఇంకు పెన్ను, ఆ సిరా తొందరగా వెలిసిపోదు. అసలు ఫోటోల వెనక పేరు రాయాలంటే మెత్తటి పెన్సిలుతో అంచున, ఒత్తకుండా రాయండి. బాల్ పెన్నుతో రాస్తే ముందువైపు గీతలు తేలతాయి.

పేజీ కట్టడం

వెంటనే అంటించకండి. పేజీ మీద ఫోటోలు, శుభలేఖ కాపీ, చదివింపుల పుస్తకంలో ఒక పేజీ కాపీ, అన్నీ పేర్చి ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోండి. మర్నాడు మళ్లీ చూస్తే ఏది ఎక్కువైందో తెలుస్తుంది. ఎడమవైపు రింగుల కోసం అంగుళంన్నర వదలండి. ఒక పేజీకి ఒక పెద్ద ఫోటో, మహా అయితే పక్కన రెండు చిన్నవి. మిగతా చోటు రాతకే. స్టిక్కర్లు మీ ఇష్టం, నాకైతే పెళ్లికూతురి పక్కన ప్లాస్టిక్ సీతాకోకచిలుక నచ్చదు.

ఏం రాయాలి? "అప్పగింతలు, 1984" అంటే ఫోటోలో కనిపించేదే మళ్లీ చెప్పినట్టు. ఇలా రాసి చూడండి: "అప్పగింతలప్పుడు తాతయ్య ఫోటోలో లేరు. పెరట్లో బావి దగ్గర నిలబడిపోయారని పెద్దమ్మ చెప్పింది. గుమ్మంలో ఆయన కండువా పట్టుకుని దిక్కులు చూస్తున్న పిల్లాడు చిన్న మామయ్య." మూడు వాక్యాలు, ఎవరు చెప్పారో కూడా ఉంది.

చేతిరాతతోనే రాయండి, అందంగా లేకపోయినా పర్లేదు. వీలైతే ఒక్క పేజీలోనైనా అమ్మ చేత, పెద్దమ్మ చేత స్వయంగా రాయించండి.

అయిపోయాక

అటక మీద పెట్టొద్దు, వేసవిలో అక్కడ వేడి ఎక్కువ. వానాకాలం చెమ్మ పట్టే గోడకు ఆనించొద్దు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో అయితే సిలికా జెల్ పొట్లాలు పక్కన పెట్టి, మధ్యమధ్యలో మారుస్తుండండి. కలరా ఉండలు మాత్రం ఫోటోల దగ్గర వద్దు. పుస్తకాన్ని పడుకోబెట్టి ఉంచండి.

సంక్రాంతికో, ఇంట్లో ఏదైనా ఫంక్షన్‌కో అందరూ కలిసినప్పుడు బయటికి తీయండి. పక్కన పెన్సిలు, చిన్న చీటీలు పెట్టండి. "ఇది మా పెళ్లి కాదు, మా ఆడపడుచుది" అనేవాళ్లు తప్పక ఉంటారు. వాళ్లు చెప్పింది చీటీ మీద రాసి ఆ పేజీలోనే పెట్టండి, తర్వాత సరిచేయొచ్చు. ఇద్దరి మాటా కుదరకపోతే రెండూ రాసేయండి. దిద్దుబాట్లు అయ్యాక పేజీలన్నీ స్కాన్ చేసి ఒక పీడీఎఫ్ చేసుకుంటే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు తలా ఒక కలర్ ప్రింటు తీయించి ఇవ్వొచ్చు.