మంచినీటి చేపల్లో దొరికే బద్దెపురుగు ఏ క్రమానిదో తేల్చడం

బద్దెపురుగును (టేప్‌వార్మ్, చేప పేగులో బతికే పరాన్నజీవి) చంపిన తీరును బట్టే సగం గుర్తింపు తేలిపోతుంది. చల్లటి ఫార్మలిన్‌లో (నమూనాలు చెడిపోకుండా ఉంచే ఫార్మాల్డిహైడ్ ద్రావణం) వేస్తే పురుగు ముడుచుకుపోయి, తల ఆకారమే మారిపోతుంది. అలా ముడుచుకున్న నమూనాలకు కొత్త జాతులని పేర్లు పెట్టడం, తర్వాత వాటిని కొట్టేయడం చాలాసార్లు జరిగింది.

చేపను చంపిన వెంటనే పేగును 0.9 శాతం ఉప్పునీళ్లలో నిలువునా చీల్చండి. ఆలస్యమైతే పురుగు కుళ్లుతుంది. ఫ్రీజర్‌లో పెట్టిన చేప ఈ పనికి రాదు. పురుగును పట్టకారుతో లాగితే తల పేగు గోడలోనే తెగి ఉండిపోతుంది. మెత్తని కుంచెతో విడదీయండి, రాకపోతే ఆ గోడ ముక్కతో సహా కోయండి. డీఎన్ఏ కోసం నడుమ భాగంలో చిన్న ముక్క 96 శాతం ఆల్కహాల్‌లో వేసుకోండి. మిగతా పురుగును కొద్దిపాటి ఉప్పునీటిలో ఉంచి, మరిగే స్థాయికి వేడెక్కిన 4 శాతం ఫార్మాల్డిహైడ్‌ను ఒక్కసారిగా పోయండి. పురుగు చాచుకున్నట్టే చస్తుంది. ఆవిరి ఘాటుగా ఉంటుంది కాబట్టి ఫ్యూమ్ హుడ్ (ఆవిరిని బయటికి లాగేసే ప్రయోగశాల గూడు) తప్పనిసరి. గాజు పలకల మధ్య నొక్కకండి.

ఇక తల చూడాలి. రెండు నిలువు పల్లాలుంటే బోత్రియోసెఫాలిడియా అనే క్రమం (ఆర్డర్, అంటే కొన్ని కుటుంబాలను కలిపిన పెద్ద వర్గం). కార్ప్ చేపల్లో కనిపించే స్కైజోకోటైల్ అకైలోగ్నాథి తల గుండె ఆకారంలో ఉంటుంది, పల్లాలు లోతుగా ఉంటాయి. కొరమీను జాతుల్లో దొరికే సెంగాకు పల్లాలతో పాటు కొసన కొక్కేల పళ్లెం ఉంటుంది. నాలుగు చూషకాలు (పట్టుకునే గిన్నెల్లాంటి అవయవాలు) ఉంటే ఆంకోప్రోటియోసెఫాలిడియా (పాత పుస్తకాల్లో ప్రోటియోసెఫాలిడియా). వాలుగ లాంటి చేపల్లోని గాంగీసియాకు చూషకాల పైన కొక్కేల వలయం అదనం.

ఒళ్లు ఖండితాలుగా (ముక్కలు ముక్కలుగా) లేకపోతేనే తికమక. అప్పుడు లోపలి జననాంగాలు చూడాలి. అందుకు కార్మైన్ అనే ఎర్ర రంగు పట్టించి, కొద్దిగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపిన 70 శాతం ఆల్కహాల్‌లో అదనపు రంగు తీసేయండి. ఇక్కడ తొందరపడితే ముష్కాలూ (వృషణాలు) పీతక గ్రంథులూ (గుడ్డుకు పోషక పదార్థం ఇచ్చేవి) ఒకేలా ముదురుగా కనిపిస్తాయి. 80, 90, 96, 100 శాతం ఆల్కహాల్‌ల మీదుగా లవంగ నూనెలోకి మార్చండి. తెల్లగా పాలలా మబ్బు కమ్మితే నీరు పూర్తిగా పోలేదన్నమాట, మళ్లీ 100 శాతానికి వెళ్లండి. చివరికి కెనడా బాల్సమ్ (స్లైడు మీద నమూనాను అంటించే పారదర్శక జిగురు).

జననాంగాలు ఒకే ఒక్క సెట్ ఉంటే కారియోఫిల్లిడియా. బయట గీతలు లేకపోయినా లోపల సెట్లు వరుసగా ఉండి, తల గరాటులా ఉంటే సయాథోసెఫాలస్, అంటే స్పాథెబోత్రిడియా. పేగులో కాకుండా ఉదర కుహరంలో తెల్లటి పట్టీలా దొరికితే లిగ్యులా అనే బద్దెపురుగు డింభకం (లార్వా) కావచ్చు. అది డైఫిల్లోబోత్రిడియా, పెద్దదయ్యేది చేపలు తినే పక్షుల్లో.

కారియోఫిల్లిడియాలో కుటుంబం తేల్చడానికి 12–15 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) మందం గల అడ్డుకోతలు తీయక తప్పదు. పీతక గ్రంథులు లోపలి నిలువు కండరాల పొరకు బయట ఉంటే లైటోసెస్టిడే, లోపల ఉంటే కారియోఫిల్లేయిడే, రెండు చోట్లా ఉంటే కాపింజెంటిడే. డీఎన్ఏ పోలికలు ఈ విభజనతో పూర్తిగా కలవడం లేదు, అందుకే ఆల్కహాల్‌లోని ముక్కకూ, స్లైడుకూ ఒకే నంబరు వేయండి.