పాన్స్ స్కోర్ వేసేటప్పుడు అరుపులు చూసి మోసపోకండి

పాన్స్ (PANSS) అంటే స్కిజోఫ్రీనియా లక్షణాలు ఎంత తీవ్రంగా ఉన్నాయో కొలిచే స్కేల్. సైకియాట్రీ పోస్టింగ్‌కి కొత్తగా వచ్చినవాళ్లు చాలామంది, గట్టిగా అరిచేవాడికి సివియర్ అని, మూలన కూర్చున్నవాడికి మైల్డ్ అని రాసేస్తుంటారు. నేనూ రాశా, సీనియర్‌తో చీవాట్లు తిన్నా.

పాన్స్‌లో 30 ఐటమ్స్ ఉంటాయి, 7 పాజిటివ్ (లేని మాటలు వినిపించడం, భ్రమలు లాంటివి), 7 నెగెటివ్ (ఆసక్తి పోయి ముడుచుకుపోవడం లాంటివి), 16 జనరల్ (ఆందోళన, డిప్రెషన్ లాంటివి), ఒక్కోదానికి 1 నుంచి 7 దాకా మార్కు. మామూలుగా చూసేది గడిచిన వారం రోజులే, పోయిన సంక్రాంతికి ఏం గొడవ చేశాడన్నది హిస్టరీలోకి పోతుంది, స్కోర్‌లోకి కాదు.

మాటలు వినిపిస్తున్నాయి అనగానే టిక్ పెట్టేసి ముందుకెళ్లొద్దు. రోజుకి ఎన్నిసార్లు, ఎంతసేపు, తిడుతున్నాయా, ఏదైనా చెయ్యమంటున్నాయా, చెయ్యమంటే చేశాడా, నిద్ర చెడిందా, పని మానేశాడా, ఇవన్నీ అడిగితేనే 3 వెయ్యాలా 6 వెయ్యాలా తెలిసేది. చచ్చిపో, ఫలానావాడిని చంపు అని వినిపిస్తుంటే ఫామ్ పక్కన పెట్టి వెంటనే సీనియర్‌కి చెప్పండి, పేషెంట్‌ని ఒంటరిగా వదలొద్దు.

ఇంకోటి, "పక్కింటోళ్లు చేతబడి చేశారు" అన్నాడనుకోండి, అది ఇంటిల్లిపాదీ నమ్మే మాటే అయ్యుండొచ్చు కదా, అందుకే ముందు ఇంట్లోవాళ్లని అడగండి. "ఇంకేదైనా కారణం ఉండొచ్చంటావా?" అని పేషెంట్‌ని మెల్లగా కదిపి చూడండి, కాస్త ఆలోచిస్తున్నాడా, అస్సలు ఒప్పుకోవట్లేదా, ఆ భయంతో అమ్మ పెట్టిన అన్నం కూడా ముట్టట్లేదా. వాదించొద్దు, అలాగని వంత పాడొద్దు.

నెగెటివ్ సింప్టమ్స్ మాత్రం పేషెంట్ నోటి నుంచి అంత తేలిగ్గా రావు. స్నానం చెయ్యమంటే గాని చెయ్యడా, చుట్టాలొస్తే లోపలికి పోతాడా, అమ్మనో భార్యనో అడగాలి. "మందులేశాక నెమ్మదించాడండీ" అంటే సంతోషపడే ముందు చేతులు బిగుసుకుపోయాయేమో, మందు మత్తేమో, డిప్రెషనేమో చూడండి.

లెక్క దగ్గర అందరూ పప్పులో కాలేసేది ఒకటుంది. లక్షణం లేకపోయినా 1 వేస్తాం కాబట్టి ఏమీ లేని మనిషికి కూడా 30 వస్తుంది. సో 90 నుంచి 60కి దిగితే తగ్గింది మూడోవంతు కాదు, రెండిట్లోంచీ ఆ 30 తీసేస్తే 60 కాస్తా 30 అయింది, అంటే సగం.